అది ద్రాక్షరసం కాదు

చేవెళ్ల రోడ్డు మీద "వైన్స్" అన్న బోర్డు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. ఆ బోర్డు కింద ఉన్న దుకాణంలో వైన్ మాత్రం దొరకదు. బ్రాందీ, విస్కీ, బీరు, ఇంకా పేరు తెలియని సీసాలు ఎన్నో ఉంటాయి. బోర్డు మీద రాసిన సరుకు ఒక్కటే ఉండదు. దీని గురించి ఎవరికీ కోపం రాదు. నాకు వస్తుంది.

మూడేళ్ల కిందట ఒక ఉదయం కూరగాయల కోసం చేవెళ్ల మార్కెట్‌కి వెళ్లాను. లేత బెండకాయలు, చుక్కకూర, రెండు కిలోల టమాటా కొని కారులో పెట్టాక, ఇంట్లో తెల్ల వైన్ అయిపోయిందని గుర్తొచ్చి ఆ దుకాణం ముందు ఆగాను. ఇనప జాలీ ముందు ఏడెనిమిది మంది మగవాళ్లు ఉన్నారు. నేను వెళ్లి నిలబడగానే మాటలు ఆగిపోయాయి.

"తెల్ల వైన్ ఉందా?" అని అడిగాను.

"వోడ్కానా మేడం?" అన్నాడు కౌంటర్లో ఉన్నతను.

"వోడ్కా కాదు. వైన్. ద్రాక్షతో చేసేది."

నా వెనక ఎవరో నవ్వారు. కౌంటర్ అతను పైకి చూశాడు. రేకుల కప్పుకి ఆనుకుని ఉన్న పై అరలో మూడు సీసాలు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి దించి, గుడ్డతో దుమ్ము తుడిచి, "గిది తీస్కోండ్రి. ఆడోళ్లు తాగేదే, తియ్యగుంటది" అన్నాడు.

అది ఎరుపు రంగు తీపి సరుకు. లోపల చక్కెర, బయట ఎండ. ఎన్నాళ్లనుంచి ఉందని అడిగితే, "నేనీడ పనికి చేరినప్పటి సంది ఉన్నది" అన్నాడు నిజాయితీగా. వెనకాయన, "మేడం, జర జల్ది చెయ్యండ్రి, పనికి పోవాలె" అన్నాడు. ఉదయం పదకొండు గంటలకి పనికి పోతూ క్వార్టర్ కొనుక్కునే మనిషికి, నేను అడ్డం.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "నువ్వెందుకు వెళ్లావు అక్కడికి? నాతో చెబితే తెచ్చేవాణ్నిగా" అన్నారు. ఆయన తెస్తే ఏం తెస్తారో నాకు తెలుసు. సీసా ఎంత బరువుంటే అంత మంచిదని ఆయన నమ్మకం.

నాకు వైన్ గురించి ఎవరూ నేర్పలేదు. నేను గోదావరి జిల్లా నుంచి, పెళ్లి చేసుకుని తొంభైల చివర్లో హైదరాబాద్ వచ్చినదాన్ని. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఒకసారి బెంగళూరులో ఆఫీసు విందుకి వెళ్లాను. వడ్డించేవాడు బల్ల చుట్టూ తిరిగి మగవాళ్లందరికీ కొంచెం కొంచెం పోసి రుచి అడిగాడు. నా దగ్గరికొచ్చి అడక్కుండానే తీపిది పోశాడు. ఆ టీముకి పెద్దని నేను. ఆ రాత్రి గదికొచ్చి ఏడవలేదు గానీ, దీని సంగతి తేల్చుకోవాలని మాత్రం అనుకున్నాను. అప్పటినుంచి నెలకొక సీసా. తక్కువ ధరవే, నాసిక్ వైపు ద్రాక్షతోటల నుంచి వచ్చేవే. ప్రతి సీసా గురించీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఏ కూరతో తాగాను, కూర బాగుపడిందా, వైన్ పాడైందా. చాలాసార్లు రెండూ పాడయ్యేవి.

పుస్తకాల్లో ఎర్ర మాంసానికి ఎర్ర వైన్ అని ఉంటుంది. అలా రాసినవాళ్లు మన కారం తినలేదు. గుంటూరు మిరప పడిన మటన్ కూర మీద ముదురు ఎర్ర వైన్ తాగితే నోరు మండిపోతుంది, వైన్ చేదెక్కుతుంది. గదిలో ఉండే వేడిలోనే తాగాలంటారు. ఏప్రిల్‌లో మా గదిలోని వేడికి వైన్ కాదు, కషాయం అవుతుంది. ఇవన్నీ డబ్బు తగలేసుకుని ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ఆ మాటలు నమ్మి వేలకు వేలు పోసి కొని, రుచి తెలియకపోయినా తల ఊపేవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉద్యోగం మానేశాక మొయినాబాద్ దాటి ఎంకపల్లి వైపు తిరిగే దారిలో, ఒక లేఅవుట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. మా ప్రహరీ అవతల ఒక రైతు కుటుంబం వాళ్ల పొలం. ఊళ్లో వాళ్లది పెద్ద ఇల్లు, తరాలుగా అక్కడే ఉన్నవాళ్లు. ఆ ఇంటాయన ఒకసారి సర్పంచ్‌గా చేశాడు. ఆయన భార్యకి నాకంటే మూడు నాలుగేళ్లు తక్కువ ఉంటాయి. రోజూ పొలానికి వచ్చేది. గోడ మీదుగా టమాటాలు, కొత్తిమీర అందించేది. మొదట మేడం అనేది. రెండు నెలల తరవాత అక్క అయ్యాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్టీలు టిఫిన్‌లో నాటుకోడి కూర పట్టుకుని వచ్చింది. మా ఆయన స్నేహితుల దగ్గరికి వెళ్లారు. నేను వరండాలో కూర్చుని, ఫ్రిజ్‌లోంచి తీసిన తెల్ల వైన్ గ్లాసులో పోసుకుని ఉన్నాను. దాచుకుందామా అని ఒక్క క్షణం అనుకున్నాను. దాచలేదు.

"గిదేందక్క, నిమ్మరసమా?"

"కాదు, వైన్. ద్రాక్షపళ్లతో చేస్తారు."

"అంగూర్లతోనా?" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా బాపుకు అంగూర్ తోట ఉండె అక్క. చిన్న మంగళారం దిక్కు. ఆరెకరాలు, పందిళ్లు. బోర్లు ఎండిపోయినంక అన్ని పీకేసిండ్రు. పందిళ్లు మోసిన రాతి కడీలు ఒక్కటే మిగిలినయ్. ఇప్పుడాడ ఫామ్‌హౌజులు."

ఆ తోటలో ఆమె పని ఏమిటో అప్పుడే చెప్పింది. కోతకి ముందు వాళ్ల నాన్న ఆమెను వరసల వెంట పంపేవాడట. పండు కొరికి, గింజ నమిలి చెప్పాలి. గింజ పచ్చిగా ఉంటే ఇంకో వారం ఆగాలి. గోధుమరంగుకి తిరిగి పటుక్కుమంటే కోయొచ్చు. వ్యాపారులు పైన తియ్యదనం చూసి మోసపోయేవాళ్లట గానీ, పదేళ్ల ఆ పిల్ల మోసపోయేది కాదట.

"జర ఇయ్యి, చూస్త" అంది.

కొంచెం పోశాను. వాసన చూడమని నేను చెప్పలేదు. తనే చూసింది. నోట్లో పోసుకుని, కాసేపు ఆపి, మింగింది. తరవాత కూర ముక్క తిని, మళ్లీ తాగింది.

"పచ్చి జాంకాయ కొరికినట్టున్నది. ఎనకాల జరంత తీపున్నది. కారం తిన్నంక తాగితే ఆ తీపి బయటికొస్తున్నది. కూర కారం గూడ చల్లబడ్డది."

నేను నాలుగేళ్లు నోట్‌బుక్ నింపి తెలుసుకున్న సంగతి అది. కారమున్న కూరకి ముదురు వైన్ కాదు, కొద్దిగా తీపి మిగిలిన, బాగా చల్లబరిచిన తెల్లది కావాలని. ఆమె రెండు గుక్కల్లో చెప్పేసింది. నాకు అసూయ కలిగింది. వెంటనే సంతోషమూ కలిగింది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. సిటీలో ఫ్రిజ్‌లు పెట్టుకున్న పెద్ద దుకాణం నుంచి నేను సీసా తెచ్చేదాన్ని. ఆమె కూర తెచ్చేది. ఇద్దరం కలిసి ఒక సీసాలో సగం కూడా తాగేవాళ్లం కాదు. మిగతాది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల దాకా బాగుండేది. బిరడా ఉన్న సీసా గొప్పదని మా ఆయన అనేవారు. నేను తిప్పి తీసే మరమూత సీసాలే కొనేదాన్ని. తక్కువ ధరలో వచ్చే వైన్‌కి అదే నయం. తెల్లదైతే సీసా మీద సంవత్సరం చూసి కొత్తది తీసుకునేదాన్ని. అరలో లైటు కింద నిలబెట్టింది ముట్టుకోకుండా, లోపల అట్టపెట్టెలో ఉన్నది తెమ్మని అడిగేదాన్ని. విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ.

ఆమె చింతచిగురు మటన్ తెచ్చిన రోజు మొదటి సీసా ఓడిపోయింది. కూర పులుపు ముందు వైన్ నీళ్లలా అయింది. "దీనికి దీనికంటె పుల్లటిది కావాలె" అంది. తరవాతి వారం పచ్చిగడ్డి వాసన వేసే, నాలుక జివ్వుమనిపించే ఇంకో తెల్లది తెచ్చాను. అది నిలబడింది. సకినాలకీ మిరపకాయ బజ్జీలకీ బుడగలొచ్చేది బాగుందని ఇద్దరం ఒప్పుకున్నాం. నూనెని కడిగేస్తుంది. మిరియాలు వేసిన మేక కార్జం వేపుడు, జొన్నరొట్టె ఉన్న రోజు మాత్రం ఎర్రది. అదీ తేలికపాటిది, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి. భక్షాలతో, అంటే మావైపు బొబ్బట్లతో, ఏం తాగినా బాగాలేదు. "భక్షాలకు నెయ్యి చాలు, దీన్ని పక్కకు పెట్టు" అని తేల్చేసింది. నోట్‌బుక్‌లో నా రాతలు తగ్గి ఆమె మాటలు పెరిగాయి.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. వాళ్ల ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకి కేటాయించారు. ఆమె భర్త పోటీ చేయలేడు కాబట్టి ఆమెను నిలబెట్టాడు. ఆమెను అడగలేదు. ఫ్లెక్సీలో చేతులు జోడించిన ఆమె ఫొటో పక్కన అంతకంటే పెద్దదిగా ఆయన ఫొటో. ఆ ఫ్లెక్సీ చూసి, "నన్ను నేను గుర్తుపట్టలేదక్క, మస్తు తెల్లగ చేసిండ్రు" అని నవ్వింది. నవ్వినా, మెల్లగా ఆమెకు ఆశ పుట్టింది. ఊళ్లో నీళ్ల ట్యాంకు గురించి, అంగన్‌వాడీ కప్పు గురించి నాతో మాట్లాడేది. ఒక కాగితం మీద రాసుకుంది కూడా.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మా లేఅవుట్ ఆడవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. చాలామంది మావైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే. వంటలు, మొక్కలు, పనిమనుషుల గురించి మాట్లాడుకుంటారు. ఒక ఆదివారం నాటుకోడి గిన్నె, సీసా, చేతిలో గ్లాసు పట్టుకుని ఏదో చెబుతున్న ఆమె. వెలుతురు బాగుంది. ఫొటో తీసి, "నాటుకోడికి ఏ వైన్ బాగుంటుందో నాకంటే ఈవిడకి బాగా తెలుసు" అని రాసి ఆ గ్రూపులో పెట్టాను. ఆమెను అడగలేదు. పొగడ్త కదా అనుకున్నాను.

నాలుగు రోజుల్లో ఆ ఫొటో ఊరంతా తిరిగింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు. గ్రూపులో అందరూ నేను కాదంటే నేను కాదన్నారు. ఫొటోలో నాటుకోడి గిన్నె కోసేశారు. గ్లాసు చుట్టూ ఎర్ర గీత గీశారు. "ఇసొంటామె మనకు సర్పంచా?" అని కింద రాశారు.

ఆ వారమంతా ఊళ్లో రెండు పక్షాల వాళ్లూ ఇంటింటికీ మందు సీసాలు పంచుతున్నారు. పగలే, సంచుల్లో పెట్టుకుని. ఆ పంచినవాళ్లూ, తాగినవాళ్లూ, తాగి గోడకి ఆనుకుని పడుకున్నవాళ్లూ ఒకరి ఫోన్లు ఒకరికి చూపించుకుంటూ ఆమె గుణం గురించి మాట్లాడుకున్నారు. ఆ ఊళ్లో ఆమె అత్తగారు కాళ్లనొప్పులని చెప్పి ఈతకల్లు తెప్పించుకుని తాగుతుంది, గడప మీద కూర్చుని, అందరూ చూస్తుండగా. దానికెవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా. గాజు గ్లాసులో రెండు గుక్కల వైన్ మాత్రం ఊరి పరువు తీసేసింది.

గ్రూపులో గొడవ మొదలైంది. "పాపం ఆవిడ రాజకీయం పాడైపోతుంది, ఏదో ఒకటి సర్దండి" అని ఒకరు రాశారు. నాకు భయమేసింది. నేను టైపు చేసిన మాట ఇది: "అది వైన్ కాదండీ, ద్రాక్షరసం. ఊరికే సరదాకి అన్నాను."

సీసా మీద పేరు స్పష్టంగా కనిపిస్తున్న ఫొటో గురించి ఆ మాట రాశాను.

మర్నాడు పొద్దున్నే ఆమె భర్త మా ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మా ఆయన వైపు చూస్తూ నాతో మాట్లాడాడు.

"మేడం, మీరు సదువుకున్నోళ్లు. మీ ఇంట్ల మీరేమన్న చేసుకోండ్రి, మాకేం ఫికర్ లేదు. మీ ఆంధ్ర అలవాట్లు మా ఆడోళ్లకు పెట్టకుండ్రి."

"అన్నగారూ, ఆమె చిన్నపిల్ల కాదు," అన్నాను.

"ద్రాక్షరసమని మీరే రాసిండ్రు గదా. గదే మాట మీద ఉండుండ్రి. మా ఇంటామె ఇగ ఈడికి రాదు."

ఆయన దగ్గర నిన్నటి విస్కీ వాసన ఇంకా వస్తోంది. ఆ సంగతి నేను అనలేదు. "సారీ అండీ" అన్నాను. ఆయన వెళ్లిపోయాక మా ఆయన, "పోనీలే, గొడవ ఎందుకు" అన్నారు. ఆ రోజు ఆయనకి అన్నం పెట్టలేదు. ఆయన మీద కోపం కాదు అది, చాలావరకు. నా నోట్లోంచి ఆ "సారీ" ఎలా వచ్చిందా అని నా మీద నాకే.

ఆ మధ్యాహ్నమే ఆమె గోడ దగ్గరికి వచ్చింది. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఫొటో ఎందుకు పెట్టినవని అడుగుతలేనక్క. రసమని ఎందుకన్నవ్?"

"నీకు ఇబ్బంది అవుతుందని."

"నేను తాగిన. నా నోటితోని తాగిన. రుచి నేను చెప్తే నీ బుక్కుల రాసుకున్నవ్. ఇప్పుడది రసమైతే, నేను చెప్పిందంత ఏంది? నువ్వు గూడ వాళ్లోలెనే చేసినవ్. వాళ్లు కూర గిన్నె కోసేసిండ్రు, నువ్వు సీస మీద పేరు కోసేసినవ్."

ఆమె గొంతు పెద్దది చేయలేదు. కొత్తిమీర కట్ట కూడా ఇవ్వకుండా వెళ్లిపోయింది.

రెండు రోజుల తరవాత వాళ్ల ఇంటి వాకిట్లో ఆడవాళ్ల సమావేశం పెట్టారు. పొదుపు సంఘాల వాళ్లు వచ్చారు. నన్ను పిలవలేదు. అయినా వెళ్లి, వాళ్ల గేటు బయట కారులో కూర్చున్నాను. ఆమె భర్త ముందే ఏం చెప్పాలో చెప్పి ఉంటాడు. మైకు ఆయన చేతిలోనే ఉంది. ఒక పెద్దావిడ లేచి, "గా ఫోటు సంగతేందమ్మా?" అని అడిగింది. ఆయన మైకులో, "అది రసం అవ్వ, అంగూర్ రసం" అన్నాడు.

ఆమె మైకు తీసుకోలేదు. లేచి నిలబడి, మామూలు గొంతుతోనే అంది. నాకు గేటు దాకా వినిపించింది.

"రసం కాదు. వైన్. ఆదివారం కూరతోని ఒక గిలాస తాగిన. దాసుకోని తాగలే. మా అత్త కల్లు తాగుతది, ఆమె గూడ దాసుకోదు. తాగి ఎవ్వల్ని కొట్టలే, ఎవ్వల ఇంటి ముంగట పడలే. మన ఇండ్లల్లకు వారం దినాల సంది సీసలొస్తున్నయ్ గదా. అవి ఎవరు తాగుతున్నరు, తాగినంక ఎవర్ని కొడుతున్నరు, అది గూడ అడుగుండ్రి."

వెనక వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆమె భర్త మైకు కట్టేసి, సమావేశం అయిపోయిందన్నాడు.

ఆ మాటతో ఆమె గెలిచిందని రాయాలని ఉంది. అలా జరగలేదు. నామినేషన్ ఉపసంహరణకి ఇంకా ఒక రోజు గడువు ఉంది. మర్నాడు ఆయన ఆమెను కారులో తీసుకెళ్లి సంతకం పెట్టించాడు. ముందుజాగ్రత్తకి తన తమ్ముడి భార్య చేత కూడా నామినేషన్ వేయించి ఉంచాడట. తోటికోడలు నిలబడింది, గెలిచింది. నీళ్ల ట్యాంకు గురించి రాసుకున్న కాగితం ఏమైందని నేను అడగలేదు. సంతకం ఎందుకు పెట్టావని మాత్రం చాలా రోజుల తరవాత అడిగాను. "నలుగురు నిలబడి పెన్ను చేతికిచ్చినంక, పెట్టనని చెప్పి ఏడికి పోవాలక్క?" అంది. ఆమె మీద కోపం రాలేదు. ఆ నలుగురి మీద ఇప్పటికీ ఉంది.

అసలు నాకు పిచ్చెక్కించింది ఆ తరవాత నెలకి జరిగింది. ఆయన మళ్లీ మా ఇంటికి వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు, నవ్వుతూ.

"మేడం, ఆదివారం మధ్యాహ్నం మన తోటల భోజనాలు పెట్టిన. సిటీ నుంచి పెద్దోళ్లొస్తున్నరు, భూమి సంగతి మాట్లాడెటందుకు. వాళ్లు విస్కీ తాగరట, వైనే తాగుతరట. మటన్, నాటుకోడి, చాపలు చేపిస్తున్న. దేనికేది బాగుంటదో మీరు జర రాసియ్యాలె. ఖర్చుకు ఫికర్ లేదు."

ఆయనకి ఏమీ గుర్తులేక కాదు. అన్నీ గుర్తున్నాయి. వాటికీ దీనికీ సంబంధం ఉందని తోచలేదు, అంతే. మా ఆయన గొంతు సవరించుకున్నారు. గొడవ వద్దని దాని అర్థం.

"నాకంటే బాగా తెలిసినావిడ మీ ఇంట్లోనే ఉంది," అన్నాను. "ఆవిడని అడగండి. ఆవిడ మీ అతిథుల పక్కన కూర్చుని, తనూ ఒక గ్లాసు తీసుకుని, ఏది దేనికో చెబుతుంది. అలా అయితే సీసాలు నేనే తెచ్చిపెడతాను. మీరు ఖర్చు కూడా పెట్టక్కర్లేదు."

ఆయన నవ్వు పోయింది. "మా ఇంట్ల ఆడోళ్లు గట్ల కూసోరు మేడం."

"ఆ వచ్చేవాళ్లలో ఆడవాళ్లు లేరా?"

"ఉన్నరు. వాళ్లు వేరే."

"అయితే మీరే చూసుకోండి. ఇక్కడ ద్రాక్షరసం తప్ప ఏమీ లేదని మీరే చెప్పమన్నారు."

లేచి వెళ్లిపోయాడు. మా ఆయన రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆదివారం ఆ భోజనానికి ఆయన వెళ్లారు, నేను వెళ్లలేదు. సిటీ నుంచి అన్నిటికంటే ఖరీదైన ముదురు ఎర్ర సీసాలు తెప్పించి, మధ్యాహ్నం దాకా కారు డిక్కీలోనే ఉంచారట. కారం దట్టించిన మటన్‌తో అవే పోశారట. అందరూ బాగుంది బాగుంది అంటూ నీళ్లు తాగారట. ఆమె కొంగు నడుముకి దోపి వడ్డిస్తూ తిరిగిందట. ఒక్క మాట అనలేదట. "ఎవ్వరన్న అడిగితే చెప్తును," అంది నాతో తరవాత. "అడగలే." భూమి బేరం మాత్రం కుదిరింది. వైన్ బాగాలేకపోతే ఆగిపోయే బేరాలు కావవి.

నేను చేయాల్సింది ఒకటి మిగిలి ఉంది. ఆ సోమవారం లేఅవుట్ గ్రూపులో ఇలా రాశాను: "ఆ రోజు ఫొటోలో ఉన్నది ద్రాక్షరసం కాదు. వైన్. కొన్నది నేను, పోసింది నేను. ఆవిడని అడక్కుండా ఫొటో పెట్టడం ఒక తప్పు, భయపడి అబద్ధం రాయడం అంతకంటే పెద్ద తప్పు." ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకావిడ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. దాని అర్థం నాకు తెలియదు. ఆ మెసేజ్‌ని గోడ దగ్గర ఆమెకి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. తరవాత, "ఈ ఆదివారం పచ్చి చాపలొస్తయట, తెస్త" అంది. ఆమె ఇప్పుడు పొలం గోడ వైపు నుంచి కాదు, మా ముందు గేటు తీసుకుని వస్తుంది. దానికి ఇంట్లో ఎంత మాట పడుతుందో చెప్పదు. నేను కూడా అడగను.

ఆ మెసేజ్ పెట్టిన సాయంత్రం గ్రూపులోని ఇద్దరు నాకు విడిగా రాశారు. ఎవరికీ చెప్పొద్దంటూనే, చేపల పులుసుకి ఏ వైన్ బాగుంటుందని ఒకరు అడిగారు. తన భర్తకి తెలియకుండా ఎక్కడ కొనొచ్చని ఇంకొకరు. ఫొటో తిరిగినన్నాళ్లూ ఇద్దరూ నోరు విప్పలేదు. విడిగా జవాబు ఇవ్వనని, గ్రూపులో అందరి ముందు అడిగితే అందరి ముందే చెబుతానని ఇద్దరికీ రాశాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అడగకపోయినా ఇక్కడ రాస్తున్నాను. చింతపండు పులుసుకి ఎర్రది వద్దు, చేపతో కలిసి ఇనుము నాకినట్టుంటుంది. పుల్లగా ఉండే తెల్లది, ఆ ఏడాదిదో కిందటి ఏడాదిదో, మరమూతది, తక్కువ ధరదే తీసుకోండి. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. పులుసు ఒక పూట నిలవ ఉంటే ఇంకా మంచిది. ఇది నేను కనిపెట్టింది కాదు. మా పక్క పొలం ఆవిడ చెప్పింది. వరండాలో, మధ్యాహ్నం పూట, గ్లాసు చేతిలో పట్టుకుని.